వద్దన్న ఫోల్డర్ ఎలా బయటపడింది?

పేరూ ఊరూ వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పొడవుంది, కుదించి చెబుతాను.

ఆమెకు 34 ఏళ్ళు. అత్తమామలు, భర్త, బీటెక్ ఆఖరి ఏడాది చదివే మరిది, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఊళ్ళో పదిహేను షాపులకు ఇంటి నుంచే జీఎస్టీ రిటర్నులు వేసి పెడతారు. హాల్లో ఒకటే కంప్యూటర్, విండోస్ 11. లాగిన్ కూడా ఒకటే, పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళయి ఏడేళ్ళయింది. రెండేళ్ళుగా పిల్లల కోసం భార్యాభర్తలిద్దరూ ఆస్పత్రికి తిరుగుతున్నారు. పెద్దవాళ్ళకు చెప్పలేదు. రిపోర్టులన్నీ డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్ పెట్టి దాచుకున్నారు. ఆరు నెలల కిందట ఎవరో చెబితే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సెర్చ్‌లో రాకుండా ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూడ్ లిస్టులో చేర్చారు. తర్వాత వెతికి చూసుకున్నారు, రాలేదు. ఇక దిగుల్లేదనుకున్నారు.

పోయిన నెల మరిది తన ప్రాజెక్ట్ రిపోర్ట్ కోసం ‘రిపోర్ట్’ అని కొట్టాడు. వరసగా వచ్చిన పేర్లలో ఆమె భర్త వీర్య పరీక్ష రిపోర్ట్ కూడా ఉంది, అన్నయ్య పేరుతో సహా. కాఫీ ఇవ్వడానికి వచ్చిన ఈమె వెనకే నిలబడి చూశారు. మరిది ఏమీ అనలేదు. విండో మూసేసి లేచి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి వదినతో మాట తగ్గించాడు.

“నేను వద్దన్న ఫోల్డర్‌ని అది ఎందుకు చూపించింది? కంప్యూటర్ నా మాట వినలేదా, లేక మా మరిది కావాలనే సెట్టింగ్ మార్చి వెతికాడా? మావారేమో నేనే అజాగ్రత్తగా వదిలేశానంటున్నారు. వారం నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు ఆ ఫైళ్ళన్నీ డిలీట్ చేసేయాలా? మరిదిని నిలదీయాలా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

ఉత్తరంలో దారినపోతూ అన్నట్టు మరో మూడు ముక్కలు రాశారు. ఆమె వాటిని పట్టించుకోలేదు గానీ నా కన్ను అక్కడే ఆగింది. రెండు నెలల కిందట కంప్యూటర్ ‘మీ ఫోల్డర్లు బ్యాకప్ చేయమంటారా’ అని అడిగితే సరే అని నొక్కారట. మరిది ఏదో చిన్న ప్రోగ్రామ్ వేశాడట, అక్షరాలు కొడుతుంటేనే ఫైళ్ళు వచ్చేస్తాయట. రిపోర్టులు ఆస్పత్రి నుంచి వాట్సాప్‌లోనూ మెయిల్‌లోనూ వస్తే డౌన్‌లోడ్ చేసి, ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేసేవారట.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మీరు అడిగింది కంప్యూటర్ గురించే అయినా, మిమ్మల్ని తినేస్తున్నది మీ మరిది మీద అనుమానం. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

అతను సెట్టింగ్ మార్చాడో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ‘సెర్చింగ్ విండోస్’ అనే చోటికి వెళ్ళండి. అప్‌డేట్‌ని బట్టి కొన్ని కంప్యూటర్లలో ఒట్టి ‘సెర్చ్’ అనే ఉంటుంది. కిందికి దిగితే మీరు చేర్చిన లిస్టు కనిపిస్తుంది. మీ ఫోల్డర్ అక్కడ అలాగే ఉంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఒకవేళ లేదే అనుకోండి, అప్పుడూ దొంగ దొరికినట్టు కాదు. అయిదుగురూ ఒకే లాగిన్‌తో కూర్చునే కంప్యూటర్‌కి మీరు అయిదుగురూ ఒక్క మనిషే. ఎవరు మార్చారో అది చెప్పలేదు.

నా అంచనా ఏమిటంటే, ఆ లిస్టు మీరు పెట్టినట్టే ఉంటుంది. మీ మరిది చేసిన తప్పల్లా ‘రిపోర్ట్’ అని కొట్టడం. మన ఇళ్ళలో కంప్యూటర్‌లో ఉండే ఫైళ్ళలో సగం రిపోర్టులే కదా!

మరి లిస్టు అలాగే ఉంటే ఫైల్ ఎలా కనిపించింది? దీనికి ముందు ఆ ఎక్స్‌క్లూడ్ అనే మాటకు అక్కడ అర్థమేమిటో చూడాలి. పాఠ్యపుస్తకాల వెనక పదసూచిక ఉంటుంది చూడండి, ఏ మాట ఏ పేజీలో ఉందో వరసగా ఇచ్చేది. విండోస్‌లో ఇండెక్సర్ చేసే పని అదే. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడల్లా తనకు అప్పగించిన ఫోల్డర్లలో తిరుగుతూ, ఏ ఫైల్ పేరేమిటి, వర్డ్, పీడీఎఫ్ లాంటివైతే లోపల ఏయే మాటలున్నాయి అన్నది తన పుస్తకంలో రాసి పెట్టుకుంటుంది. మీరు సెర్చ్‌లో ఒక మాట కొట్టగానే అది డిస్కంతా వెతకదు, ఈ పుస్తకం తిప్పి చెబుతుంది. అందుకే అంత తొందరగా వస్తాయి.

ఎక్స్‌క్లూడ్ అంటే ఆ రాసుకునేవాడికి ‘ఈ ఫోల్డర్‌లోకి వెళ్ళకు’ అని చెప్పడం. అంతే. జనాభా లెక్కల వాళ్ళు ఇంటికొస్తే ‘ఆ వెనక గది సంగతి రాసుకోకండి’ అన్నామనుకోండి. వాళ్ళు రాసుకోరు. కానీ ఆ గదికి తాళం పడలేదు, తలుపు తీసే ఉంది. రేపు వేరే పని మీద వేరే ఉద్యోగి వస్తే అతనికి మీ మాట తెలియదు. మీరు ఆ గదికి తాళం వేసినట్టు భావించారు. చాలామంది అలాగే భావిస్తారు. ఆ బటన్ పక్కన ప్రైవసీ అనే మాట ఉండటం వల్ల ఇంకా ఎక్కువ భావిస్తారు. ఈ విషయంలో నేను తప్పు పట్టేది మిమ్మల్ని కాదు, ఆ మాటని అక్కడ పెట్టిన పద్ధతిని.

ఇప్పుడు మీరు దారినపోతూ రాసిన మూడు ముక్కల దగ్గరికి వద్దాం. మొదటిది బ్యాకప్.

విండోస్‌లో ‘బ్యాకప్ చేయమంటారా’ అనే ప్రశ్నకు సరే అంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ చేతికి, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు చేతికి వెళతాయి. కాపీ ఒకటి పైకి వెళుతుందని మనం అనుకుంటాం గానీ, మీ కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ల చిరునామానే మారిపోతుంది. అంతకుముందు సి డ్రైవ్‌లో యూజర్స్, దాని కింద మీ పేరు, దాని కింద డాక్యుమెంట్స్ ఉండేది. ఇప్పుడు మీ పేరు కింద వన్‌డ్రైవ్, దాని లోపల డాక్యుమెంట్స్. బయటికి అంతా ముందులాగే కనిపిస్తుంది, పక్కన చిన్న మబ్బు గుర్తు తప్ప.

మీరు వద్దని రాసి పెట్టింది మాత్రం పాత చిరునామా. ఎక్స్‌క్లూడ్ లిస్టు ఫోల్డర్‌ని గుర్తుపట్టదు, చిరునామాని గుర్తుపడుతుంది. ఇల్లు మారినవాళ్ళకు పాత ఇంటికి పోస్టు వెళ్ళినట్టు, ఆ నిషేధం ఇప్పుడు ఎవరూ లేని ఇంటి మీద ఉంది. కొత్త ఇంట్లో ఇండెక్సర్ స్వేచ్ఛగా తిరుగుతోంది. ఫోల్డర్ పేరు మార్చినా, డి డ్రైవ్‌కి జరిపినా ఇదే జరుగుతుంది. మీరు ఆరు నెలల కిందట వెతికినప్పుడు రాకపోవడం, ఇప్పుడు రావడం, మధ్యలో రెండు నెలల కిందటి ‘సరే’. ముగ్గురు అనుమానితుల్లో నేను ఎక్కువగా అనుమానించేది దీన్నే.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, మీరు అడగకపోయినా చెప్పాలి. ఆ వన్‌డ్రైవ్ ఏ మెయిల్ ఐడీతో నడుస్తోంది? అదే ఐడీ ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లోనైనా ఉందా? ఉంటే, రిపోర్టులు ఆ ఫోన్‌లో కూడా తెరుచుకునే వీలుంది. సెర్చ్ సంగతి కన్నా ముందు ఇది చూడండి. అలాగని కంగారుపడి బ్యాకప్ ఆపేసి, డాక్యుమెంట్స్ ఖాళీగా కనిపిస్తే గుండె ఆగినంత పని చేసుకోకండి. ఆపాక ఫైళ్ళు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోవచ్చు, అక్కడ చూసుకోండి. మీ షాపుల రిటర్నుల ఫైళ్ళు కూడా అందులోనే ఉన్నాయేమో, 20వ తేదీ దగ్గర పడినప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

రెండోది మీ మరిది వేసిన ప్రోగ్రామ్. పేరు మీరు రాయలేదు. ఆ కోవలో ఎక్కువమందికి తెలిసింది ఎవ్రీథింగ్ అనేది. మీ ఇంట్లోది అదో కాదో నేను చెప్పలేను గానీ, అది పనిచేసే తీరు చెబితే మీకు విషయం అర్థమవుతుంది. అది ఫోల్డర్లు తిరగదు. డిస్కు తన దగ్గర ఉన్న ఫైళ్ళన్నిటి పేర్లతో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒకటి పెట్టుకుంటుంది. ఈ ప్రోగ్రామ్ నేరుగా దాన్నే చదివేస్తుంది. లక్షల ఫైళ్ళున్నా క్షణాల్లో చూపించేది అందుకే. లోపలి మాటల జోలికి మామూలుగా పోదు, పేర్లే చూపిస్తుంది. దానికి దాని సొంత ఎక్స్‌క్లూడ్ లిస్టు ఉంది, దాని ఆప్షన్స్‌లో ఇండెక్సెస్ అనే చోట. మీరు విండోస్‌తో చెప్పిన మాట దాని చెవిన పడే దారే లేదు. అటెండర్‌కి చెప్పిన మాట వాచ్‌మన్‌కి తెలియాలని లేదు కదా.

నిజానికి ఇది మంచి ప్రోగ్రామ్. నేనూ ఇలాంటిదే వాడతాను. మీ మరిది చెడ్డ పనేమీ చేయలేదు.

మూడోది, డౌన్‌లోడ్స్. ఇది అన్నిటికన్నా మామూలు కారణం, అందుకే ఎవరూ చూడరు. వాట్సాప్ నుంచో మెయిల్ నుంచో దించిన రిపోర్ట్ డౌన్‌లోడ్స్‌లో పడుతుంది. మీరు దాన్ని ఆ ఫోల్డర్‌లోకి కట్ చేయలేదు, కాపీ చేశారు. అంటే అసలుది ఇంకా డౌన్‌లోడ్స్‌లోనే ఉంది. రెండుసార్లు దించితే పేరు పక్కన 1 అనే అంకెతో ఇంకోటి. మీరు వద్దన్న ఫోల్డర్‌ని కంప్యూటర్ నిజంగానే వదిలేసి, దాని కవల పిల్లని చూపించి ఉండొచ్చు. పాత అవుట్‌లుక్ ప్రోగ్రామ్‌లో మెయిల్ చూసే అలవాటు ఉంటే ఆ మెయిళ్ళు కూడా ఇదే ఇండెక్స్‌లోకి వెళతాయి.

ఈ మూడింటిలో ఏది అన్నది ఊహించనక్కర్లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ రోజు అతను కొట్టిన మాటే మళ్ళీ కొట్టండి. ఆ ఫైల్ వస్తే దాని మీద కుడి క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. పైన కనిపించే దారిలో వన్‌డ్రైవ్ అని ఉందా, డౌన్‌లోడ్స్ అని ఉందా, మీ పాత దారే ఉందా? మీ ప్రశ్నకు సగం జవాబు ఆ ఒక్క గీతలో ఉంది.

మిగతా సగానికి చిన్న పరీక్ష. నోట్‌ప్యాడ్‌లో ఒక ఫైల్ తయారు చేసి దానికి మీరు ఎక్కడా వాడని పేరు పెట్టండి, ‘బుడబుక్కల77’ లాంటిది. లోపల ఇంకో వింత మాట రాయండి, ‘తంగేడుపూత88’ అనుకుందాం. దాన్ని మీ ఫోల్డర్‌లో పడేసి ఒక పూట ఆగండి. తర్వాత ఆ రెండు మాటలనీ మూడు చోట్ల వెతకండి: స్టార్ట్ పక్కనున్న సెర్చ్‌లో, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ విండోలో, మీ మరిది ప్రోగ్రామ్‌లో. స్టార్ట్ సెర్చ్‌లో వచ్చిందా, మీ నిషేధం ఆ చిరునామాకి అందలేదు. స్టార్ట్‌లో రాకుండా ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం నెమ్మదిగా వచ్చిందా, అది వేరే కథ. ఇండెక్స్‌లో లేని చోట వెతకమంటే ఎక్స్‌ప్లోరర్ ‘లేదు’ అని ఊరుకోదు, అప్పటికప్పుడు ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతుంది. ఇక మరిది ప్రోగ్రామ్‌లో మాత్రమే వచ్చిందా, సంగతి తెలిసిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. సెర్చ్ చేయకుండానే కనిపించే ఫైళ్ళు. ఎక్స్‌ప్లోరర్ తెరవగానే హోమ్‌లో, స్టార్ట్ మెనూలో ఈమధ్య తెరిచినవి వరసగా చూపిస్తుంది. ఆ లిస్టుకి ఇండెక్స్‌తో పనిలేదు, ఎక్స్‌క్లూడ్‌తో అసలే పనిలేదు. మీరు ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు రిపోర్ట్ తెరిచి చూసుకుంటే, మర్నాడు మీ మామగారు పంచాంగం పీడీఎఫ్ కోసం వచ్చినప్పుడు అది పైనే ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్ ఆప్షన్స్‌లోనూ, స్టార్ట్ మెనూ సెట్టింగ్స్‌లోనూ ‘రీసెంట్’ అన్నవి ఆపేయండి. ఇది మాత్రం ఆలోచించకుండా ఈ రోజే చేయదగ్గది.

సరే, ఇకముందు ఏం చేయాలి? మీ ముందు నాలుగు దారులున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో ఖర్చుంది.

తేలికైన దారి, ఉన్నదాన్నే శుభ్రం చేసుకోవడం. కొత్త చిరునామాని కూడా ఎక్స్‌క్లూడ్ లిస్టులో చేర్చడం, డౌన్‌లోడ్స్‌లోని కాపీలు తీసేయడం, రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం, రెండో ప్రోగ్రామ్‌లోనూ ఆ ఫోల్డర్‌ని వద్దనడం. చివర్లో కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో రీబిల్డ్ నొక్కితే పాత పుస్తకం చింపేసి కొత్తగా రాసుకుంటుంది. ఫైళ్ళు ఎక్కువుంటే గంటలు పడుతుంది, రాత్రి వదిలేయండి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ‘లోపలి విషయాలు ఇండెక్స్ చేయనివ్వు’ అన్న టిక్ తీసేస్తే చాలని కొందరు చెబుతారు. అది లోపలి మాటలకే, పేరుకి కాదు. మీ కొంప ముంచింది పేరే కదా. ఈ మొదటి దారిలో ఒక సాయంత్రం పోతుంది, అనుకోకుండా కంటపడటం ఆగుతుంది. కావాలని వెతికేవాళ్ళని ఇది ఆపదు. అదే ఫోల్డర్ నాలుగు నెలల తర్వాత ఇంకో చోటికి జరిగితే మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తారు.

రెండో దారి వేరే లాగిన్లు. మీకు ఒకటి, మీవారికి ఒకటి, ఇంట్లో మిగతావాళ్ళకు ఒకటి. ఇది నిజమైన తాళం. ఒక యూజర్ సొంత ఫోల్డర్‌లోని ఫైళ్ళు మరో యూజర్ తెరవలేరు, విండోస్ సెర్చ్ కూడా ఎవరికి హక్కున్న ఫైళ్ళు వాళ్ళకే చూపిస్తుంది. కాకపోతే మెలికలున్నాయి. మిగతావాళ్ళ లాగిన్ స్టాండర్డ్‌గా ఉండాలి, అడ్మినిస్ట్రేటర్‌గా ఉంటే తాళంచెవి వాళ్ళ దగ్గరా ఉన్నట్టే. అలా చేస్తే మీ మరిది చాలా ప్రోగ్రామ్‌లు వేసుకోవడానికి మిమ్మల్ని పాస్‌వర్డ్ అడగాలి. ఫైళ్ళు డి డ్రైవ్‌లో పెడితే లాభం లేదు, మామూలుగా అక్కడివి అందరికీ తెరుచుకుంటాయి. కొత్త లాగిన్‌లోకి ఫైళ్ళని జరపకుండా, కాపీ చేసి పాతవి తీసేయండి, లేదంటే పాత హక్కులు వాటితోపాటే వచ్చే వీలుంది. ఇంకొకటి, ఇందాక చెప్పిన ఎవ్రీథింగ్ లాంటిది సర్వీస్‌గా, అంటే ఎవరు లాగిన్ అయినా వెనకాల నడుస్తుంటే, పక్క యూజర్ ఫోల్డర్‌లోని ఫైళ్ళని తెరవలేకపోయినా పేర్లు మాత్రం కనిపించగలవు.

అందుకే పేర్లు మార్చండి. ఏ దారి ఎంచుకున్నా ఇది చేయండి. ఆస్పత్రివాళ్ళు పెట్టిన పేరులో మనిషి పేరు, పరీక్ష పేరు, తేదీ అన్నీ ఉంటాయి. 01, 02 అని అంకెలు పెట్టుకుని, ఏది ఏమిటో మీ నోటుబుక్కులో రాసుకోండి. ‘ఆవకాయ కొలతలు’ అని మాత్రం పెట్టకండి. నాకు తెలిసిన ఒకావిడ అలాగే పెడితే వాళ్ళ అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ తెరిచారు.

కొత్త లాగిన్ పెట్టగానే ఇంట్లో ‘ఇప్పుడెందుకు, ఏం దాస్తున్నావు’ అన్న ప్రశ్న వస్తుందని మీకు భయం ఉంటుంది. మీ దగ్గర అబద్ధం అక్కర్లేని జవాబుంది. పదిహేను షాపుల పాన్ నంబర్లు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు హాల్లో ఉన్న కంప్యూటర్‌లో అందరికీ తెరిచి ఉన్నాయి. మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్ళ వివరాలు అవి. 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణకు చట్టమే వచ్చింది. ‘పని ఫైళ్ళు వేరుగా ఉండాలి’ అంటే ఎవరూ కాదనలేరు. నన్నడిగితే, ఆస్పత్రి రిపోర్టులు లేకపోయినా మీరు ఈ పని ఎప్పుడో చేసి ఉండాల్సింది.

మూడో దారి, ఫైళ్ళకే తాళం. సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ ఫోల్డర్ మొత్తాన్ని పాస్‌వర్డ్ పెట్టి ఒకే మూటగా కట్టొచ్చు. సెవెన్‌జెడ్ రకం ఎంచుకుని, పేర్లు కూడా దాచే టిక్ పెట్టాలి, అది మరిచిపోతే మూట విప్పకుండానే లోపలి పేర్లు చదవొచ్చు. వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్ అయితే ఇంకా గట్టిది, కొంచెం నేర్చుకోవాలి. ఈ మూటలో ఉన్నదాన్ని ఏ ఇండెక్సరూ చదవలేదు. ఖర్చేమిటంటే, పాస్‌వర్డ్ మరిచిపోతే ఇక అంతే, ఎవరూ తెరవలేరు. మూటలోంచి నేరుగా తెరిచి చూసిన ఫైల్ టెంపరరీ ఫోల్డర్‌లో ఒక కాపీగా మిగలొచ్చు కూడా. రిపోర్టులన్నీ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకునే వరకు మాత్రం ఏకైక కాపీని ఇలా మూట కట్టకండి. డిలీట్ చేసేయాలా అని అడిగారు కదా, అసలు వద్దు. రెండేళ్ళ వైద్యానికి అవే ఆధారం. రేపు డాక్టర్ మారితే మొదట అడిగేది అవే.

నాలుగోది, ఇండెక్సింగ్ మొత్తం ఆపేయడం. యూట్యూబ్‌లో చాలామంది చెప్పేది ఇదే. సర్వీసెస్‌లోకి వెళ్ళి విండోస్ సెర్చ్‌ని ఆపితే డిస్కు మోత తగ్గుతుంది, పాత హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటర్ కాస్త తేలికపడుతుంది. కానీ మీకు కావలసింది అది కాదు. వెతకడం నెమ్మదిస్తుందే తప్ప ఫైల్ దొరక్కుండా పోదు. పైగా వేల బిల్లుల మధ్య పని చేసే మీకే కష్టం.

నేనైతే రెండో దారిలో వెళ్ళి, పేర్లు మార్చి, అతి ముఖ్యమైన నాలుగైదు ఫైళ్ళని మాత్రం మూట కడతాను. మీ ఇంటి సంగతి మీకు తెలుసు.

ఈ తిప్పలు విండోస్ వాళ్ళకే కాదు. మ్యాక్‌లో 2005 నుంచి స్పాట్‌లైట్ ఉంది, దానికీ వద్దనే లిస్టు ఉంది, దాన్నీ తాళం అనుకునేవాళ్ళున్నారు. లినక్స్‌లో కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్ళు ఫోల్డర్‌ని వద్దన్నాక కూడా పాత ఫలితాలు కనిపిస్తుంటే అక్కడి ఇండెక్సర్ బలూ డేటాబేస్‌ని తుడిచి మళ్ళీ కట్టించుకోవాలి. 2004లో గూగుల్ డెస్క్‌టాప్ వచ్చినప్పుడు మన ఫైళ్ళలో మనమే వెతుక్కోవచ్చని ఎంత సంబరపడ్డామో నాకు గుర్తుంది. 2006 ఫిబ్రవరిలో ఒక కంప్యూటర్‌లోని ఫైళ్ళని ఇంకో కంప్యూటర్ నుంచి వెతికే సదుపాయం తెచ్చి, అందుకు కాపీలు తమ సర్వర్లలో పెడతామన్నారు. అమెరికాలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దాన్ని వాడొద్దని జనాన్ని హెచ్చరించింది. 2011లో ఆ ప్రోగ్రామే ఆగిపోయింది. తొందరగా దొరకాలి, ఎవరికీ దొరక్కూడదు అనే రెండు కోరికలకీ అప్పటి నుంచీ పడటం లేదు.

ఇప్పుడు మనుషుల సంగతి.

మరిదిని నిలదీయాలా అంటే, దేని గురించి? సెట్టింగ్ మార్చలేదని తేలాక నిలదీయడానికి ఏమీ మిగలదు. ‘ఆ రోజు నువ్వు ఏం చూశావు’ అని అడిగితే, చూడలేదని అబద్ధం చెప్పే ఇబ్బంది అతనికి పెట్టినట్టవుతుంది. ఆ ఫైల్‌ని ఎవరు ఎప్పుడు తెరిచారో రీసెంట్ లిస్టులు తవ్వి తెలుసుకునే దారులు నాకు తెలుసు, మీకు చెప్పను. అవి చూశాక ఆ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. అతను మాట తగ్గించడానికి కారణం చెడ్డ ఉద్దేశం కాకపోవచ్చు కూడా. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, అన్నయ్య రిపోర్ట్ వదిన ముందు కంటపడింది. ఏం మాట్లాడతాడు? ఇన్ని రోజులైనా అత్తగారి దాకా విషయం వెళ్ళలేదంటే, ఆ కుర్రాడు నోరు మూసుకునే ఉన్నాడని కదా అర్థం.

ఏమీ ఎరగనట్టు ఊరుకోవడం ఒక పద్ధతి. చాలా ఇళ్ళలో అలాగే సర్దుకుపోతుంది, కానీ అతను చూసింది సగమే కాబట్టి మిగతా సగం తనే ఊహించుకుంటాడు. రెండో పద్ధతి, మీవారు తమ్ముణ్ణి బయటికి తీసుకెళ్ళి ‘చూశావు కదా, ఇంకా ఎవరికీ చెప్పలేదు, నీ దగ్గరే ఉంచు’ అని రెండు ముక్కల్లో చెప్పడం. నాకు ఇదే నచ్చింది. మూడోది, పెద్దవాళ్ళకు కూడా చెప్పేయడం. దాన్ని ఒక సెర్చ్ ఫలితం తోసిందని చేయకండి, మీరిద్దరూ సిద్ధమైన రోజున చేయండి.

కానీ ఈ మూడింటిలో ఏదైనా ఎంచుకోవలసింది మీరు కాదు. ఆ రిపోర్ట్ మీవారిది, ఎవరికి చెప్పాలన్నది కూడా ఆయన ఇష్టమే. మీరు మరిదితో మాట్లాడేస్తే, ఆయన దృష్టిలో ఆ రిపోర్ట్ రెండోసారి బయటపడినట్టవుతుంది.

ఆయన కోపం గురించి ఒక మాట. మీరు అజాగ్రత్తగా ఉన్నారని అంటున్నారు. జాగ్రత్త పడాలని ఆరు నెలల కిందటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళింది మీరొక్కరే. పైన చెప్పిన పరీక్ష ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. నిరూపించడానికి కాదు, ఫైల్ ఏ దారిలో కనిపించిందో ఇద్దరూ కలిసి చూస్తే ‘ఎవరు వదిలేశారు’ అన్న మాట దానంతటదే పక్కకు పోవచ్చు. ఆ కోపంలో సగం సిగ్గు. పిల్లలు పుట్టని జంటల్లో సుమారు సగం చోట్ల మగవాళ్ళ వైపు కూడా కారణం ఉంటుందని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. అయినా మన ఊళ్ళలో పేరంటంలో ప్రశ్న వేసేది ఆడవాళ్ళనే. ఏడేళ్ళుగా ఆ ప్రశ్నలకు మీరు ఏం జవాబు చెప్పుకొచ్చారో నేను ఊహించగలను. ఆయనకూ తెలిసే ఉంటుంది. దాన్ని ఆయనకు గుర్తు చేయాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు.

ఇక పనుల వరస: ముందు రీసెంట్ లిస్టులు ఆపండి, తర్వాత వన్‌డ్రైవ్ ఐడీ ఎవరి ఫోన్‌లో ఉందో చూడండి, ఆ తర్వాత బుడబుక్కల ఫైల్. లాగిన్లు విడదీయడం ఆదివారం పెట్టుకోండి, మీ మరిదినే సాయం అడగండి, అతనికీ ఆ కంప్యూటర్ దగ్గరికి తిరిగి రావడానికి ఒక సాకు దొరుకుతుంది. పాస్‌వర్డ్ మాత్రం మీరే కొట్టండి. మీ పెళ్ళిరోజు పెట్టకండి, ఆ తేదీ అతనికి తెలుసు.